రాయి చెప్పదు, రసీదు చెబుతుంది

మా పెద్దమ్మ పెద్దకర్మ అయిన మూడో రోజున ఆవిడ గది ఖాళీ చేశాం. పెద్దమ్మ శిల్పి. మట్టితో తలలు చేసేది, ప్లాస్టర్‌లో పోత పోసేది, అడిగినవాళ్లకి సిమెంటు విగ్రహాలు కూడా చేసిచ్చేది. ఆ రోజు నేనూ, అన్నయ్యా, వదినా కలిసి మంచం కింద ఉన్న రెండు గోనె సంచులు బయటికి లాగాం. సిమెంటు కొట్టు బిల్లులు, లారీ కిరాయి చీటీలు, కూలీల హాజరు రాసుకున్న పాత డైరీలు, ఎవరెవరో రాసిన కార్డు ముక్కలు, బొమ్మ సగంలో ఉండగా తీసిన మసక ఫొటోలు. అరగంట తిరగేశాం. "ఇవెందుకమ్మా, ఇల్లంతా చెదలు పడతాయి" అంది వదిన. సరేనన్నది నేనే. సన్మాన పత్రం, శాలువా కప్పుతున్న ఫొటోలు, పేపర్లో పడిన వార్తల కటింగులు విడిగా తీసి దాచాం. రెండు సంచులూ పాత పేపర్లు కొనే అతని తక్కెడ ఎక్కాయి.

ఆరేళ్ల తర్వాత ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది. ఒక ఊళ్లో ఉన్న విగ్రహం పెద్దమ్మ చేసిందేనని విన్నదట. ఊళ్లోవాళ్లు మాత్రం అది ఫలానా మేస్త్రీ చేశాడంటున్నారట. మా దగ్గర ఏదైనా ఆధారం ఉందా అని అడిగింది. మా దగ్గర శాలువా ఫొటోలున్నాయి. ఏ విగ్రహం ఎవరి చేతిమీదుగా లేచిందో శాలువా ఫొటో చెప్పదు. చెప్పగలిగినవి ఆ రెండు గోనె సంచులే.

మీ చేతిలో అలాంటి సంచి ఒకటి ఇంకా మిగిలి ఉంటే, దాన్ని ఏం చేయాలో చెప్పడానికే ఈ అధ్యాయం. మీ ఇంట్లో శిల్పి ఉండకపోవచ్చు. బొమ్మలు వేసిన అమ్మమ్మ ఉండొచ్చు, పాటలు కట్టిన నాయనమ్మ ఉండొచ్చు, నాటకాలకి తెరలు రాసిన మేనత్త ఉండొచ్చు. నేను శిల్పినే పట్టుకుని మాట్లాడతాను. "ఇది నిజంగా ఆవిడే చేసిందా?" అన్న ప్రశ్న శిల్పం చేసే ఆడవాళ్లకి నూట అరవై ఏళ్ల కిందటే పత్రికలకెక్కింది. జవాబు చెప్పడానికి కాగితాలూ ఫొటోలూ అక్కరకొచ్చాయి.

రోములో ఒక నిచ్చెన

హారియట్ హాస్మర్ 1830లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, వాటర్‌టౌన్‌లో పుట్టింది. తల్లినీ తోబుట్టువులనీ క్షయ తీసుకుపోయింది. తండ్రి డాక్టరు. మిగిలిన ఒక్క పిల్లా దక్కాలని ఆరుబయట తిరగనిచ్చి, పడవ నడపడం, గుర్రపు స్వారీ, తుపాకీ పేల్చడం నేర్పించి పెంచాడు. శిల్పం చేయాలంటే ఒంట్లో ఏ ఎముక ఎక్కడుందో, ఏ కండ ఎటు లాగుతుందో తెలియాలి. బోస్టన్‌లో ఒక ఆడపిల్లకి ఆ పాఠం చెప్పేవాళ్లు దొరకలేదు. దూరాన ఉన్న సెయింట్ లూయిస్ వెళ్లి, ఒక మెడికల్ కాలేజీ ప్రొఫెసర్ దగ్గర నేర్చుకుంది.

1852లో రోమ్ చేరింది. అక్కడ జాన్ గిబ్సన్ అని పేరుమోసిన బ్రిటిష్ శిల్పి ఉండేవాడు. శిష్యుల్ని చేర్చుకునే అలవాటు ఆయనకి పెద్దగా లేదు. హాస్మర్ అప్పటికే చెక్కిన 'హెస్పర్' అనే పాలరాతి తలకి తీసిన రెండు డాగెరోటైప్‌లు ఆయన ముందు పెట్టారు. డాగెరోటైప్ అంటే వెండిపూత పూసిన రాగి రేకు మీద దిగే తొలికాలపు ఫొటో. ఒకటి ఎదురుగా తీసింది, ఒకటి పక్కనుంచి తీసింది. అవి చూసి ఆయన ఆమెని శిష్యురాలిగా ఒప్పుకున్నాడు. ఆ తల అట్లాంటిక్ అవతలే ఉండిపోయినా దాని ఫొటోలే ఆమెకి తలుపు తీశాయి.

1859లో 'సంకెళ్లలో జెనోబియా' పూర్తయింది. రోమన్లు ఓడించి ఊరేగించిన పాల్మైరా రాణి. సంకెళ్లు పట్టుకుని తలవంచి నడుస్తున్నా రాజసం తగ్గని మనిషి. 1862లో లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో దాన్ని జనం విరగబడి చూశారు. ఆ వెంటనే, దీన్ని చేసింది ఆవిడ కాదు, ఇటాలియన్ పనివాళ్లు చేశారన్న మాట పత్రికల్లోకి ఎక్కింది. హాస్మర్ ఊరుకోలేదు. పరువునష్టం దావాకి దిగింది, పత్రికల చేత ఆ మాట వెనక్కి తీయించింది. అంతటితో ఆగకుండా 1864 డిసెంబరు 'అట్లాంటిక్ మంత్లీ'లో శిల్పం తయారయ్యే పద్ధతి మొత్తం ఒక వ్యాసంగా రాసింది. శిల్పి ముందు చిన్న నమూనా చేసుకుంటుంది. దాన్ని చూసి పనివాళ్లు ఇనుప చట్రం కట్టి, పెద్ద కొలతలో మట్టి పెంచుతారు. ఆ మట్టికి ప్రాణం పోసేది శిల్పి చేయి. తర్వాత ప్లాస్టర్ పోత, దాన్నుంచి పాలరాతిలోకి దించడం మళ్లీ పనివాళ్ల వంతు. కనోవా, థోర్‌వాల్‌సెన్ లాంటి మహామహుల కార్ఖానాల్లోనూ ఇదే పద్ధతి. వాళ్లని ఎవరూ అడగని ప్రశ్న ఈవిడకి వచ్చింది.

ఆ రోజుల నాటి ఆమె ఫొటోలు రెండు నాకు చాలా ఇష్టం. ఒకదాంట్లో సెనేటర్ థామస్ హార్ట్ బెంటన్ విగ్రహం ముందు నిచ్చెన ఎక్కి నిలబడి ఉంటుంది. 1868లో సెయింట్ లూయిస్ లఫాయెట్ పార్కులో నిలిపిన కంచు విగ్రహం అదే. ఫొటో తీసేటప్పటికి ఇంకా నమూనాగానే ఉంది. మనిషి కంటే ఎంతో ఎత్తైన ఆకారం, దాని పక్కన నిచ్చెన మీద చిన్న మనిషి. రెండోదాంట్లో తన కార్ఖానా పనివాళ్ల గుంపు మధ్యలో నిలబడి ఉంటుంది. పనివాళ్లు చేశారన్న నింద మోసిన మనిషి పనివాళ్లని దాచిపెట్టలేదు, పిలిచి చుట్టూ నిలబెట్టుకుంది. ఎవరెవరు ఏం చేశారో చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిందేమీ లేదని ఆ ఒక్క ఫొటో చెబుతుంది.

ఇక ఆమె వెనక మిగిలిన కాగితాల సంగతి. హాస్మర్ 1908లో పోయింది. బడిరోజుల స్నేహితురాలు కొర్నేలియా కార్ ఆమె ఉత్తరాలు ఏరి కూర్చి 1912లో పుస్తకం వేసింది. గొప్ప సాయమే, కాదనను. కానీ ఏరడం అంటే వదిలేయడం కూడా. ఇవాళ ఆమె మీద పనిచేసేవాళ్లు ఆ పుస్తకంతో ఆగరు. హార్వర్డ్‌లోని ష్లెసింజర్ లైబ్రరీకి వెళ్లి అసలు ఉత్తరాలే అడుగుతారు. అసలు కాగితాలు మిగిలాయి కాబట్టే అడగగలుగుతున్నారు. పోయిందనుకున్న నిలువెత్తు జెనోబియా కూడా మళ్లీ బయటపడి, 2007లో కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ మ్యూజియానికి చేరింది.

ఆమె రోమ్‌లో ఉన్నప్పుడే అక్కడికి వచ్చిన మరో శిల్పి ఎడ్మోనియా లూయిస్. తండ్రి నల్లజాతివాడు, తల్లి వైపు అమెరికా ఆదివాసులు. 1876లో ఫిలడెల్ఫియా ప్రదర్శనకి ఆమె 'క్లియోపాత్రా మరణం' అనే టన్ను దాటిన పాలరాతి శిల్పం పంపింది. అది చేతులు మారి మారి, షికాగో దగ్గర క్లియోపాత్రా అనే పందెపు గుర్రం సమాధి మీద గుర్తుగా నిలిచింది. అక్కడినుంచి సామాన్ల యార్డులో ఎండకీ మంచుకీ పడి ఉంది. చివరికి 1990లలో స్మిత్‌సోనియన్ మ్యూజియానికి చేరింది. ఇక మనిషి సంగతి. లూయిస్ 1907లో లండన్‌లో పోయిందని తెలియడానికి నూరేళ్లు పైనే పట్టింది. వెనక పెద్దగా కాగితాలు లేవు, వాటిని దాచే స్నేహితురాలు లేదు. రాయి టన్ను బరువున్నా తన శిల్పి ఎక్కడ పోయిందో చెప్పలేకపోయింది.

ఆగస్టా శావేజ్ కథ ఇంకో తీరు. 1939 న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనకి పదహారు అడుగుల హార్ప్ అనే తంతి వాద్యం ఆకారంలో, తీగల బదులు పాడుతున్న నల్లజాతి పిల్లలు నిలబడినట్టు ప్లాస్టర్ శిల్పం చేసింది. ప్రదర్శన అయిపోయాక కంచులో పోత పోయించడానికీ, కనీసం దాచి ఉంచడానికీ డబ్బు లేదు. పగలగొట్టేశారు. ఇవాళ ఆ శిల్పం మనకి ఫొటోల్లోనూ, ప్రదర్శనలో అమ్మిన చిన్న నమూనాల్లోనూ మిగిలింది. ఫొటో లేకపోతే అలాంటిదొకటి ఉండేదని ఎవరైనా చెప్పినా నమ్మడం కష్టం.

సర్దొద్దు

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. పెట్టె తెరవగానే చేతులు చేసే మొదటి పని సర్దడం. ఉత్తరాలన్నీ ఒకచోట, బిల్లులన్నీ ఒకచోట, ఫొటోలు ఒకచోట. దయచేసి ఆగండి. ఆవిడ ఏ ఉత్తరంతో ఏ బిల్లు కలిపి కట్టిందో అదీ సమాచారమే. ఒక ఫొటో ఒక ఉత్తరం మడతలో ఉందంటే, ఆ ఫొటో ఎవరికి పంపాలనుకుందో, ఎవరు పంపారో అక్కడే తెలుస్తుంది. విడదీశాక ఆ సంగతి ఏ నిపుణుడూ తిరిగి చెప్పలేడు.

అందుకని మొదటి రోజు పని ఇంతే. పెట్టె మూత తీసి, ఉన్నది ఉన్నట్టు ఫోన్‌తో ఫొటో తీయండి. పై వరస ఎత్తాక కింది వరస తీయండి. ప్రతి కట్టకీ ఒక చీటీ మీద అంకె వేసి పక్కన పెట్టండి. ఒక నోటుపుస్తకంలో ఆ అంకె, ఎక్కడ దొరికింది, సుమారుగా ఎన్ని కాగితాలు అని ఒక్క వాక్యం రాయండి. చదువుతూ కూర్చుంటే పని నడవదు, కళ్లు తడుస్తాయి. చదవడానికి తర్వాత చాలా రోజులున్నాయి.

ఏది దాచాలి, ఏది పారేయొచ్చు అని అందరూ అడుగుతారు. మనం విలువైనవి అనుకునేవి చాలావరకు ఇంకెక్కడో కూడా ఉంటాయి. పేపర్లో పడిన వార్త ఆ పేపరు పాత సంచికల్లో ఉంటుంది. ఆహ్వానపత్రం వందమందికి వెళ్లి ఉంటుంది. ఒకే ఒక్క ప్రతి ఉండేవి బిల్లులు, లెక్కల పుస్తకాలు, చిత్తు బొమ్మలు, తిప్పి పంపిన దరఖాస్తులు, డబ్బు ఎప్పుడిస్తారని అడిగిన ఉత్తరాల చిత్తుప్రతులు, పని మధ్యలో తీసిన ఫొటోలు. మొదట దాచాల్సినవి ఇవే. ఇప్పటి కొట్టు బిల్లులు మెషీన్లోంచి వచ్చే థర్మల్ కాగితం మీద ఉంటాయి, ఏడాది రెండేళ్లలో అక్షరాలు మాయమైపోతాయి. అలాంటివి కనిపిస్తే అదే రోజు స్కాన్ చేయండి.

గోడకున్న ఫ్రేములు కూడా విప్పి చూడండి. పాతరోజుల్లో ఫొటో గట్టిగా నిలవడానికి వెనక అట్టతోపాటు చేతికందిన పాత ఫొటోలు, కాగితాలు దూర్చేవాళ్లు. మా ఇంట్లో దొరికింది అలాగే. ఆ సంగతి చివర్లో చెబుతాను.

చేయి, పిన్ను, బంక

కాగితాల పనికి చేతి తొడుగులు అక్కర్లేదు. సబ్బుతో కడిగి పూర్తిగా ఆరిన చేతులు చాలు. తొడుగు వేసుకుంటే స్పర్శ తెలియక చిరిగిపోయే అంచులు ఇంకా చిరుగుతాయి. ఫొటోలకీ నెగెటివ్‌లకీ మాత్రం డాక్టర్లు వాడే నైట్రైల్ తొడుగులు మంచివి, వేలి జిడ్డు వాటి మీద ఏళ్ల తరబడి ఉండిపోతుంది. తొడుగులు లేకపోతే అంచులు పట్టుకుని ఎత్తండి. బల్ల మీద కాఫీ గ్లాసు ఉండకూడదు.

గుండుసూదులు, స్టేపుల్ పిన్నులు, రబ్బరు బ్యాండ్లు తీసేయాలి. సూది తుప్పు పట్టి కాగితానికి అంటుకుపోతే లాగొద్దు. పల్చటి గట్టి ప్లాస్టిక్ ముక్క సూదికీ కాగితానికీ మధ్య మెల్లగా దూర్చి, కాగితం మీద ఒత్తిడి పడకుండా సూదిని పైకి తీయాలి. చిరిగిన కాగితానికి సెలోటేపు వేయకండి. నాలుగేళ్లకి టేపు ఊడిపోతుంది, గోధుమరంగు బంక మరక ఉండిపోతుంది. చిరుగు అలాగే ఉండనిచ్చి, కాగితాన్ని మడతలో పెట్టి కవర్లో ఉంచండి. లామినేషన్ మాట అసలు ఎత్తొద్దు. వేడితో, బంకతో కాగితాన్ని శాశ్వతంగా ప్లాస్టిక్‌లో పాతిపెట్టడమే అది.

బంక పేజీల ఆల్బమ్‌లు 1970ల నుంచి మన ఇళ్లలోకి వచ్చాయి. పైన ప్లాస్టిక్ పొర లేపి, ఫొటో అంటించి, పొర మూసే రకం. మా అమ్మ పెళ్లయిన కొత్తలో పెద్దమ్మతో కలిసి దిగిన ఒకే ఒక్క ఫొటో అలాంటి ఆల్బమ్‌లో ఉండేది. గోరుతో అంచు లేపి లాగాను. సగం వచ్చింది. పై పొర ఊడి, అమ్మ మొహం తెల్ల కాగితంగా మిగిలింది. ఊడిన ముక్క ఆ బంకలోనే ఉండిపోయింది. ఆ శబ్దం నాకింకా గుర్తుంది, పల్చటి అట్ట చిరిగినట్టు. తర్వాత తెలిసింది చేయాల్సిన పద్ధతి. ముందు పేజీని ఉన్నదున్నట్టు ఫొటో తీయాలి. పళ్లు శుభ్రం చేసుకునే డెంటల్ ఫ్లాస్ దారాన్ని ఒక మూలనుంచి ఫొటో వెనక దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ మెల్లగా లాగాలి. రాకపోతే వదిలేయాలి. పేజీతో సహా దాచుకోవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

ఫొటో వెనక రాయాలంటే మెత్తటి పెన్సిల్, 2బీ అయితే బాగుంటుంది. గట్టి బల్ల మీద పెట్టి, అంచుకి దగ్గరగా, ఒత్తకుండా రాయాలి. బాల్ పెన్ను గాట్లు ముందువైపు తేలతాయి, సిరా ఊరుతుంది. వెనక నున్నగా ఉండే కొత్తరకం ఫొటోల మీద పెన్సిల్ పడదు, వాటికి కవరు మీద రాసి అందులో పెట్టండి. ఫొటోలకి వాడే ప్లాస్టిక్ కవరు పాలియెస్టర్‌ది గానీ పాలిప్రొపిలీన్‌ది గానీ అయి ఉండాలి. కొత్త రెయిన్‌కోటు వాసన వచ్చే మెత్తటి పీవీసీ కవరు ఫొటోని అంటుకుని తినేస్తుంది.

నెగెటివ్‌ల డబ్బా తెరవగానే పులిసిన వెనిగర్ వాసన కొడితే ఆ ఫిల్ము పాడవడం మొదలైందని అర్థం. ఆ వాసన పక్క ఫిల్ములకీ అంటువ్యాధిలాంటిది. వాటిని వెంటనే వేరుచేసి, ముందు వాటినే స్కాన్ చేయించండి. 1950కి ముందువి అయితే ఇంకా జాగ్రత్త. అప్పటి కొన్ని నైట్రేట్ ఫిల్ములు తేలిగ్గా అంటుకుంటాయి. వాటిని వంటింటికీ ఎండకీ దూరంగా ఉంచి, తెలిసినవాళ్లకి చూపించాలి.

అటక మీద కాదు

మన ఇళ్లలో అక్కర్లేనివన్నీ అటకెక్కుతాయి. వేసవిలో అటక పొయ్యి, వానాకాలంలో చెమ్మగూడు. కాగితాలకి కావాల్సింది చల్లగా, పొడిగా, చీకటిగా ఉండే చోటు. అన్నిటికంటే ముఖ్యం, ఆ వాతావరణం రోజుకోరకంగా మారకూడదు. ఇంటి మధ్య గదిలో, బాత్రూం గోడకి ఆనుకోని బీరువాలో నడిమి అర మంచిది. అట్టడుగు అర వద్దు, నీళ్లొస్తే ముందు తడిసేది అదే. గాలిలో తేమ 30 నుంచి 50 శాతం మధ్య ఉంటే మేలు. విశాఖ, కాకినాడల్లో వానాకాలం తేమ దీనికి చాలా పైన ఉంటుంది. తేమ కొలిచే చిన్న మీటరు కొన్ని వందలకే దొరుకుతుంది. సిలికా జెల్ పొట్లాలు బీరువాలో పెట్టి, తేమ పట్టగానే మారుస్తుండాలి.

కలరా ఉండలు ఫొటోల పక్కన పెట్టొద్దు. పచ్చి వేపాకు కూడా వద్దు, ఆకు ఎండేలోపు ఆ చెమ్మకే బూజు పడుతుంది. పురుగు రాకుండా ఉండాలంటే నెలకోసారి తలుపు తెరిచి చూడటమే పెద్ద మందు. కాగితాల్ని చుట్టడానికి న్యూస్‌పేపరు పనికిరాదు, అందులోని ఆమ్లం పక్క కాగితాన్ని పసుపుపచ్చగా మారుస్తుంది. ఆమ్లం లేని కాగితం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. అది కొనలేకపోతే పలుచబడ్డ పాత నూలు పంచె, రంగు లేనిది, గంజి లేకుండా రెండుసార్లు ఉతికి ఆరబెట్టింది చాలు. గంజి అంటే పురుగులకి అన్నమే. తాళపత్రాలని గుడ్డలో కట్టి దాచిన పెద్దవాళ్లకి ఇది తెలుసు.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ ఇళ్లలోకి వచ్చినప్పుడు బీరువాల్లో పెళ్లి ఆల్బమ్‌లు ముద్దయిపోయాయి. తడిసిన ఫొటోల్ని చాలామంది ఎండలో పరుస్తారు. వడియాలు ఎండబెట్టే అలవాటు మనది, చేయి అటే పోతుంది. ఎండకి ఫొటోలు చుట్టచుట్టుకుని పెళుసుబారిపోతాయి. ఒకదానికొకటి అంటుకున్నవాటిని లాగకుండా శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచితే మెల్లగా విడతాయి. బొమ్మ వైపు తాకకుండా, నీడలో, ఫ్యాను గాలికి, బొమ్మ పైకి ఉండేలా ఆరేయాలి. రెండు రోజులు దాటితే బూజు వస్తుంది. అంత సమయం లేకపోతే జిప్ కవర్లలో పెట్టి ఫ్రిజ్‌లోని ఫ్రీజర్‌లో పెట్టేయొచ్చు, తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. డాగెరోటైప్‌లనీ గాజు పలకల నెగెటివ్‌లనీ మాత్రం ఫ్రీజర్‌లో పెట్టకూడదు.

స్కానింగ్ గురించి ఎక్కువ చెప్పను, మీ పిల్లలకి నాకంటే బాగా తెలుసు. ఫొటోలకి 600 డీపీఐ, టిఫ్ ఫైలు. వెనకవైపు ఏమీ లేదనిపించినా రెండువైపులా చేయాలి, స్టూడియో ముద్ర ఉండేది అక్కడే. మూడు ప్రతులు ఉంచండి, అందులో ఒకటి వేరే ఊళ్లో. వాట్సాప్‌లో మామూలుగా పంపితే బొమ్మ నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపాలి. స్కాన్ అయిందని అసలు కాగితాన్ని పారేయకండి.

ఇబ్బంది పెట్టే ఉత్తరాలు

ప్రతి పెట్టెలోనూ కొన్ని ఉంటాయి. ఎవరి మీదో కోపంతో రాసినవి, ఎవరినో ప్రేమించి రాసినవి, అప్పుల సంగతులు. ఇంట్లో పెద్దవాళ్లు చింపేద్దామంటారు. వాళ్ల బాధ అర్థంలేనిది కాదు, బతికున్నవాళ్ల పరువూ మనశ్శాంతీ నిజమైన విషయాలే. కానీ చింపడానికీ అందరికీ చూపించడానికీ మధ్య ఇంకో దారి ఉంది. వాటిని ఒక కవర్లో పెట్టి, ఫలానా సంవత్సరం దాకా తెరవకూడదు అని పైన రాసి మూసేయండి. ఏదైనా సంస్థకి ఇచ్చేటప్పుడు కూడా ఈ షరతు పెట్టొచ్చు, ఆర్కైవ్‌లకి ఇది కొత్త కాదు. ఆవిడ జీవితంలో ఏది ఉండాలో ఏది ఉండకూడదో ఏరే హక్కు మనకుందా అని నన్నడిగితే, లేదనే అంటాను.

సంస్థకి ఇవ్వాలనుకుంటే ముందు జాబితా చేసుకోండి. మొదటి రోజు నోటుపుస్తకంలో రాసుకున్న ఆ వాక్యాలే జాబితా. ఢిల్లీలోని నేషనల్ ఆర్కైవ్స్ వ్యక్తుల కాగితాలు కూడా తీసుకుంటుంది. హైదరాబాదు తార్నాకలో తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ ఉంది. కొన్ని సంస్థలు అసలు కాగితాలు మీ దగ్గరే ఉండగా స్కాన్ చేసి అందుబాటులో పెడతాయి. శిల్పి మృణాళినీ ముఖర్జీ కాగితాలూ ఫొటోలూ హాంగ్‌కాంగ్‌లోని ఏషియా ఆర్ట్ ఆర్కైవ్ ద్వారా అలాగే పరిశోధకుల ముందుకొచ్చాయి. ఎవరికిచ్చినా రాతపూర్వకంగా ఇవ్వండి. ఏమిచ్చారు, ఎవరు చూడొచ్చు, ప్రతులు మీకిస్తారా, వాళ్లు ఉంచుకోలేకపోతే తిరిగిస్తారా అన్నవి అందులో ఉండాలి. ఇంకో సంగతి. ఉత్తరం మీ చేతిలో ఉన్నా, అందులోని రాతకి కాపీరైటు రాసినవాళ్లది, వాళ్ల తర్వాత వారసులది. మన చట్టం ప్రకారం రచయిత బతికుండగా అచ్చుకాని రాతకి, అది మొదట అచ్చయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. అచ్చువేసే ముందు అడగాలి.

పోపుల గూట్లో దొరికింది

ఆ విద్యార్థిని ఫోన్ చేశాక పెద్దమ్మ ఇల్లంతా మళ్లీ వెతికాం. వంటింట్లో పోపుల గూట్లో ఆవకాయ కొలతలు రాసుకున్న నోటుపుస్తకం ఉంది. వదిన వంటలకోసమని దాచుకుంది కాబట్టి మిగిలింది. దాన్ని తిరగేసి వెనకనుంచి తెరిస్తే పని లెక్కలు. ప్లాస్టర్ నాలుగు బస్తాలు, కొబ్బరి పీచు రెండు కట్టలు, బట్టల సబ్బు ఆరు, నీలం పొడి ఒక పొట్లం. నీలం పొడి దగ్గర ఆగిపోయాను. మట్టి బొమ్మ మీద అచ్చు తీసేటప్పుడు మొదటి పూత ప్లాస్టర్‌లో కాస్త నీలం కలుపుతారు. తర్వాత పై అచ్చుని ఉలితో పగలగొడుతున్నప్పుడు నీలం కనపడగానే, బొమ్మ దగ్గరికొచ్చేశాం, చేయి తగ్గించాలి అని తెలుస్తుంది. ఇంటి లెక్కల్లో ప్లాస్టర్ పక్కన నీలం పొడి ఎందుకుంటుందో పని తెలిసినవాళ్లే చెప్పగలరు. ఆ పేజీ అంచున ఒక బొటనవేలి ముద్ర ఉంది, ఎండిన మట్టితో. దాన్ని తుడవలేదు.

ఫ్రేములు విప్పితే, పెద్దనాన్న దండ ఫొటో వెనక ఒక చేతివెడల్పు నలుపు తెలుపు ఫొటో దొరికింది. తల ఇంకా పెట్టని నిలువెత్తు మట్టి బొమ్మ, దాని ముందు ఎత్తు స్టూలు మీద పెద్దమ్మ, కొంగు నడుముకి బిగించి, భుజం మీది కండువా మడతలు దిద్దుతోంది. ఆ ఊరి విగ్రహం ఫొటో తెప్పించి పక్కన పెట్టాం. మడతలు అవే, మూడోది కాస్త విరిగినట్టుండి కిందికి జారడం కూడా.

ఫొటోలో ఎడమ అంచున సగం తెగిన మనిషి ఒకడున్నాడు. వంగి, తట్టలో ఏదో కలుపుతున్నాడు. మేం మొదట చూసుకోలేదు. అన్నయ్యకి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఫోన్ రికార్డరు ఆన్ చేసి, ఫొటో ఆయన చేతిలో పెట్టి ఊరుకున్నాను. చాలాసేపు చూశాడు.

"ఈయనే కదూ మేస్త్రీ. అచ్చు ఈయనే తీసేవాడు. పెద్దమ్మ చెప్పేది, ఆయన చేయి పడితే ఒక్క బుడగ ఉండదని. నాకు జామకాయలు తెచ్చేవాడు" అన్నాడు.

ఊళ్లోవాళ్లు చెప్పిన మేస్త్రీ ఆయనే. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు, సగం. విద్యార్థినికి నోటుపుస్తకం పేజీ, ఫొటో రెండువైపులా, అన్నయ్య మాటల రికార్డింగు పంపాను. ఫొటోని కవర్లో పెట్టి, పైన మెత్తటి పెన్సిల్‌తో రాశాను: పెద్దమ్మ పేరు, కండువా దిద్దుతూ. ఎడమవైపు, ప్లాస్టర్ కలుపుతూ, అన్నయ్య చెప్పిన పేరు. ఇంటిపేరు అన్నయ్యకి గుర్తు రాలేదు. అక్కడ ఖాళీ వదిలాను. వచ్చే నెల ఆ ఊరు వెళ్తున్నాం, అడగడానికి.